ట్రేడ్‌మార్క్ దరఖాస్తు తిరస్కరించారా? అప్పీలు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పేరు ఎంచుకుని, ఫీజు కట్టి, నెలల తరబడి ఎదురుచూశాక 'రిఫ్యూజ్డ్' అన్న మాట కనిపిస్తే టెన్షన్ సహజమే. భారతదేశంలో అలాంటి ఆర్డర్ వచ్చాక ఏ దారులున్నాయి, ఏ దారి ఎవరికి పనికొస్తుంది అన్నదే ఈ పేజీ. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం, 2017 నాటి నిబంధనలు దీనికి ఆధారం. ఇది అవగాహన కోసం మాత్రమే. మీ కేసులో ఏం చేయాలో మీ ఫైలు చదివిన లాయరే చెప్పగలరు.

స్టేటస్‌లో 'ఆబ్జెక్టెడ్' అని ఉంది. అప్పీలు వేయాలా?

వద్దు. అది ఇంకా తిరస్కరణ కాదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో (దరఖాస్తులు చూసే ప్రభుత్వ ఆఫీసు) మీ ఫైలు పరిశీలించే ఎగ్జామినర్ అభ్యంతరాలు రాసి పంపారు, మీ జవాబు కోసం చూస్తున్నారు అని అర్థం. ఎగ్జామినేషన్ రిపోర్ట్ అందిన నెలలోపు జవాబివ్వాలి. ఆ జవాబు చాలకపోతే హియరింగ్ పెడతారు. హియరింగ్ తర్వాత వచ్చే 'రిఫ్యూజ్డ్' ఆర్డర్ మీదే ఈ పేజీలో చెప్పే అప్పీలు.

'అపోజ్డ్' వేరే సంగతి. మీ మార్కు రిజిస్ట్రీ జర్నల్‌లో ప్రచురితమయ్యాక ఎవరో మూడో వ్యక్తి వచ్చి అభ్యంతరం చెప్పారని అర్థం. దానికి 2 నెలల్లో కౌంటర్ స్టేట్‌మెంట్ (రాతపూర్వక జవాబు) వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. 'అబాండన్డ్' అంటే జవాబివ్వలేదనో, హియరింగ్‌కు రాలేదనో ఫైలు మూసేశారని. నోటీసే అందక అలా మూతపడిన సందర్భాల్లో ముందుగా రివ్యూ అడగడం మేలు. దాని గురించి కింద ఉంది.

అసలు ఎందుకు తిరస్కరిస్తారు?

దాదాపు అన్ని ఆర్డర్లూ రెండు సెక్షన్ల చుట్టూనే తిరుగుతాయి. మీది ఏ సెక్షనో తెలియకుండా అప్పీలు గురించి ఆలోచించడం అనవసరం, ఎందుకంటే రెండింటికీ కావాల్సిన వాదన, సాక్ష్యం పూర్తిగా వేరు.

సెక్షన్ 9 మీ పేరులోనే ఉన్న లోపం గురించి. సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఎక్కడిదో నేరుగా చెప్పే మాటను ఒక్కరి సొత్తుగా ఇవ్వరు. సిగరెట్లకు 'సిమ్లా' అన్న పేరును 1977లో కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. అందరికీ తెలిసిన ఊరి పేరు ఒకరికే ఎలా ఇస్తామన్నది దాని సారాంశం. టార్చిలైట్లకు 'జనతా' అన్న పేరు కూడా 1970ల తొలినాళ్లలో ఢిల్లీ హైకోర్టులో నిలవలేదు. సామాన్యులకు అందుబాటు ధరలో ఉండే సరుకు అని ఆ మాటే చెబుతోంది కదా. ఇక దేవుళ్ల పేర్లు, పవిత్ర గ్రంథాల పేర్లు. అగరబత్తులు, సెంట్లకు 'రామాయణ్' అన్న పేరు మీద ఒకరికే హక్కు ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. అయితే దానికి ముందో వెనకో మరో మాట చేర్చి, మొత్తం కలిపి ఒక కొత్త పేరుగా నిలిచేలా ఉంటే పరిశీలించవచ్చని కూడా ఆ తీర్పు చెప్పింది. ఇలాంటి ఆర్డర్ వచ్చినవాళ్లు ఆ రెండో భాగం తప్పక చదవాలి.

సెక్షన్ 11 ఇంకొకరి పాత మార్కుతో పోలిక గురించి. పేరు దగ్గరగా ఉండి, సరుకు కూడా అలాంటిదే అయితే కొనేవాళ్లు పొరబడతారన్నది అభ్యంతరం. రిపోర్టులో ఆ పాత మార్కుల నంబర్లు ఇస్తారు. వాటిని 'సైటెడ్ మార్క్స్' అంటారు.

ఆర్డర్ చేతికొచ్చింది. మొదట ఏం చూడాలి?

తేదీ. మీరు ఆర్డర్ చదివిన తేదీ కాదు, రిజిస్ట్రీ మీకు పంపిన తేదీ. దరఖాస్తులో సర్వీసు చిరునామాగా, అంటే నోటీసులు పంపాల్సిన చిరునామాగా, ఎవరి ఈమెయిల్ ఇచ్చారో దానికే ఆర్డర్ వస్తుంది, పంపినప్పుడే అందినట్టు నిబంధనలు లెక్కేస్తాయి. ఏజెంట్ ద్వారా వేసినవాళ్లలో చాలామందికి తమ ఈమెయిల్ అక్కడ లేదని ఆర్డర్ వచ్చాకే తెలుస్తుంది. ఏజెంట్ ఇన్‌బాక్స్‌లో అది చదవకుండా పడి ఉన్నా గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. కాబట్టి రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీ దరఖాస్తు నంబర్ కొట్టి స్టేటస్ మీరే అప్పుడప్పుడూ చూసుకోండి.

తర్వాత చూడాల్సింది కారణాలు. తిరస్కరిస్తే ఎందుకో రాతపూర్వకంగా నమోదు చేయాలని సెక్షన్ 18(5) చెబుతోంది. అయినా, "జవాబు పరిశీలించాం, సంతృప్తికరంగా లేదు, తిరస్కరిస్తున్నాం" అని రెండు మూడు వాక్యాలతో ముగిసే ఆర్డర్లు కనిపిస్తూనే ఉంటాయి. చదివితే ఒళ్లు మండుతుంది కానీ, అప్పీలు కోణంలో అది మీకే లాభం. కారణం చెప్పని ఆర్డర్‌ను హైకోర్టులో నిలబెట్టడం రిజిస్ట్రీకి కష్టం.

అలాంటి ఆర్డర్ వస్తే, ఏ కారణాలతో, ఏ ఆధారాలతో నిర్ణయించారో రాసివ్వమని 30 రోజుల్లోపు టీఎం-ఎం అనే రిజిస్ట్రీ ఫారంతో అడగవచ్చు. ఇది నిబంధన 36లో ఉంది. ఆ వివరణ మీకు అందిన తేదీనే అప్పీలు కోసం నిర్ణయం తేదీగా లెక్కిస్తారు.

అప్పీలుకు గడువు ఎంత?

ఆర్డర్ తెలియజేసిన తేదీ నుంచి 3 నెలలు. సెక్షన్ 91 మాట ఇది. 90 రోజులు అని కాదు, 3 నెలలు అని ఉంది. జనవరి 10న ఆర్డర్ అందితే ఏప్రిల్ 10 వరకు సమయం ఉన్నట్టు. చివరి వారం దాకా ఆగొద్దు. సర్టిఫైడ్ కాపీ, వకాలత్, అఫిడవిట్లు, పేపర్ బుక్ (కేసు కాగితాలన్నీ కలిపి కుట్టిన సంపుటి) అన్నీ సిద్ధం కావడానికే వారాలు పడుతుంది.

గడువు దాటిపోయింది. ఇక దారి లేదా?

ఉంది, హామీ లేదు. ఆలస్యానికి తగిన కారణం ఉందని కోర్టును ఒప్పిస్తే అప్పీలు స్వీకరిస్తారు. ఆర్డర్ అసలు అందలేదని ఈమెయిల్ రికార్డుతో చూపగలిగితే గట్టి కారణమే. "బిజినెస్ పనుల్లో పడి చూసుకోలేదు" అన్నది కారణం కాదు.

రివ్యూ, అప్పీలు, కొత్త దరఖాస్తు: మాకు ఏది సరిపోతుంది?

అందరికీ ఒకే జవాబు ఉండదు, అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

రివ్యూ అంటే ఆర్డర్ ఇచ్చిన రిజిస్ట్రార్‌నే మళ్లీ చూడమనడం. నెలలోపు టీఎం-ఎం ఫారంతో వేయాలి. రిజిస్ట్రార్ అనుమతిస్తే ఇంకో నెల వరకు గడువు పెరగవచ్చు. కళ్లకు కట్టినట్టు కనిపించే పొరపాట్లకు ఇది బాగా పనిచేస్తుంది. మీరు పెట్టిన జవాబు ఫైల్లో ఉండగానే "జవాబు రాలేదు" అని రాశారు, హియరింగ్ నోటీసు పాత చిరునామాకు వెళ్లింది, సైట్ చేసిన మార్కు అప్పటికే తొలగిపోయింది, ఇలాంటివి. అదే వాదనను ఇంకో భాషలో వినిపించడానికి రివ్యూ వేస్తే ఫలితం ఉండదు, సమయం పోతుంది. రివ్యూ పెండింగ్‌లో ఉందని అప్పీలు గడువు ఆగుతుందనుకోవద్దు. 3 నెలల లెక్క నడుస్తూనే ఉందనుకుని మసలుకోవడమే క్షేమం.

అప్పీలు ఖర్చుతో, ఓపికతో కూడిన పని. దానికి తగ్గ ఫలితం ఒకటుంది. గెలిస్తే మీ పాత దరఖాస్తు తేదీ నిలుస్తుంది. మన చట్టంలో రిజిస్ట్రేషన్ దరఖాస్తు తేదీ నుంచే లెక్క. ఈ మధ్యలో మీ పేరుకు దగ్గరి పేరుతో ఇంకెవరైనా దరఖాస్తు చేసి ఉంటే ఆ తేదీ విలువ ఎంతో అర్థమవుతుంది. కొత్త దరఖాస్తు వేస్తే వరసలో వాళ్ల వెనక నిలబడాలి.

అలాగని కొత్త దరఖాస్తును తీసిపారేయకూడదు. వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో క్లాసుకు (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. పేరు ఇంకా మార్కెట్లో పెద్దగా పాతుకుపోలేదు, కాస్త మార్చినా నష్టం లేదు, పోటీగా ఎవరూ దరఖాస్తు చేయలేదు అనుకుంటే, హైకోర్టు దాకా వెళ్లడం కంటే పేరును బలపరిచి మళ్లీ వేయడమే తెలివైన పని. పేరు మార్చకుండా, అదే కాగితాలతో మళ్లీ వేస్తే మాత్రం అదే అభ్యంతరం అదే వరసలో తిరిగొస్తుంది. పాత దరఖాస్తులోనే పేరు మారుద్దామంటే కుదరదు. మార్కు రూపం గణనీయంగా మారే సవరణలను నిబంధనలు ఒప్పుకోవు.

అప్పీలు ఎక్కడ వేయాలి? హైదరాబాద్‌లోనా, అమరావతిలోనా?

సాధారణంగా రెండూ కావు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీకి ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, అహ్మదాబాద్‌లలో ఆఫీసులున్నాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. అప్పీలు ఆ ఆఫీసు ఏ హైకోర్టు పరిధిలో ఉంటే అక్కడికి వెళ్లడం రివాజు, అంటే మద్రాస్ హైకోర్టుకు. అక్కడ ఈ అప్పీళ్లు సీఎంఏ (టీఎం), అంటే సివిల్ మిసిలేనియస్ అప్పీల్ (ట్రేడ్‌మార్క్), అన్న నంబర్లతో నడుస్తాయి. హియరింగ్ ఆన్‌లైన్‌లో జరిగిందనో, ఆర్డర్ మీద సంతకం చేసిన అధికారి ఇంకో నగరంలో ఉన్నారనో పరిధి మీద సందేహం వస్తే, అప్పీలు వేసే ముందే లాయర్‌తో తేల్చుకోండి. తప్పు కోర్టులో వేసి వెనక్కి తెచ్చుకునేసరికి గడువు గడిచిపోతుంది.

పాత వ్యాసాల్లో ఐపీఏబీకి వెళ్లాలని ఉందే?

అది ఇప్పుడు లేదు. మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు 2003 నుంచి చెన్నై కేంద్రంగా పనిచేసింది. 2021 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్‌తో దాన్ని రద్దు చేశారు, అదే ఏడాది ట్రిబ్యునళ్ల సంస్కరణల చట్టం వచ్చింది. అప్పటి నుంచి అప్పీళ్లు నేరుగా హైకోర్టులకే. పెండింగ్ కేసులు కూడా అక్కడికే బదిలీ అయ్యాయి. ఢిల్లీ, మద్రాస్ హైకోర్టులు వీటికోసం ప్రత్యేకంగా ఐపీ (మేధో సంపత్తి) డివిజన్లు పెట్టుకున్నాయి.

హైకోర్టులో మొదటి నుంచి మళ్లీ చూస్తారా? కొత్త కాగితాలు పెట్టొచ్చా?

అప్పీలు మీ పేరుకు దొరికే రెండో పరీక్ష కాదు. రిజిస్ట్రార్ ముందున్న కాగితాలను బట్టి ఆ ఆర్డర్ సరైనదా కాదా అన్నదే అక్కడ ప్రశ్న. అందుకే ఎగ్జామినేషన్ రిపోర్టుకు మీరిచ్చిన జవాబే మీ అప్పీలుకు పునాది. తక్కువ ఫీజుకు ఫైల్ చేసిపెట్టే సర్వీసులు చాలాచోట్ల ఒకే మూస జవాబును పేరు మార్చి పెడుతుంటాయి. "మా మార్కు విశిష్టమైనది, మొత్తంగా చూడాలి" అన్న నాలుగు పేరాలు, ఒక్క ఇన్‌వాయిస్ కూడా ఉండదు. ఆ ఫైలుతో హైకోర్టుకు వెళ్తే ఎంత మంచి లాయరైనా ఉన్నదానితోనే వాదించాలి. కొత్త పత్రాలకు కోర్టు అనుమతి కావాలి, ముందే ఎందుకు పెట్టలేదో చెప్పుకోవాలి.

సెక్షన్ 9 కేసుల్లో ఇంకో చిక్కుంది. వర్ణించే మాటైనా సరే, వాడకం వల్ల అది మీ సరుకుకే గుర్తుగా స్థిరపడిందని చూపితే రిజిస్ట్రేషన్ ఇవ్వొచ్చు. కానీ ఆ గుర్తింపు దరఖాస్తు తేదీకి ముందే వచ్చి ఉండాలి. ఎన్నో ఏళ్లుగా వాడుతూ కూడా, అఫిడవిట్ పని తప్పుతుందని దరఖాస్తులో 'వాడబోతున్నాం' అని టిక్ పెట్టినవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. తమ దరఖాస్తే తమ వాదనకు ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది. దరఖాస్తుకు ముందు ఏళ్ల ఇన్‌వాయిస్‌లు, ప్రకటనలు, ఏడాదివారీ అమ్మకాలపై సీఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. అవి రిజిస్ట్రార్ ముందు పెట్టినా ఆర్డర్‌లో ప్రస్తావనే లేకపోతే, అప్పీలుకు అంతకంటే మంచి పాయింట్ ఉండదు.

"ఇలాంటి పేర్లు రిజిస్టర్‌లో బోలెడు ఉన్నాయి, మాకే ఎందుకు ఇవ్వరు?" అని వాదించొచ్చా?

అందరికీ మొదట తట్టే వాదన ఇదే. ఒంటరిగా ఇది నిలవదు. 1959లో సుప్రీంకోర్టు తేల్చిన 'గ్లూవిటా' కేసు దీనికి సరిగ్గా సరిపోతుంది. బిస్కెట్లకు గ్లూవిటా అన్న పేరు అడిగితే, గ్లూకోజ్ పొడికి 'గ్లూకోవిటా' పేరున్న కంపెనీ అడ్డుపడింది. 'గ్లూకో', 'విటా' లాంటి ముక్కలున్న పేర్లు రిజిస్టర్‌లో ఎన్నో ఉన్నాయన్న వాదన వచ్చింది. రిజిస్టర్‌లో ఉన్నంత మాత్రాన అవి మార్కెట్లో వాడకంలో ఉన్నట్టు కాదని కోర్టు కొట్టేసింది. ఆ కేసు నడిచిన తీరు కూడా గమనించండి: రిజిస్ట్రీ ఇచ్చింది, బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి కాదన్నారు, అదే కోర్టులో ఒకరికి మించి జడ్జిలుండే డివిజన్ బెంచ్ సరేనంది, సుప్రీంకోర్టు చివరికి కాదంది. పోలిక అన్నది ఎంత మనిషిని బట్టి మారే తూకమో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి రిజిస్టర్ సెర్చ్ ప్రింటవుట్లు మాత్రమే కాదు, ఆ పేర్లతో సరుకు నిజంగా అమ్ముడవుతోందని చూపే ఆధారాలు కావాలి.

సైట్ చేసిన పాత మార్కునే పక్కకు తప్పించే వీలుందా?

కొన్నిసార్లు ఇదే దగ్గరి దారి. మొదట దాని స్టేటస్ చూడండి. రెన్యువల్ లేక తొలగిపోయినా, ఆ దరఖాస్తు కూడా అబాండన్ అయినా అభ్యంతరానికి బలం పోతుంది. బతికే ఉంటే, ఆ యజమానిని కలిసి సమ్మతి పత్రం తీసుకోవచ్చు. పాత మార్కు యజమాని ఒప్పుకుంటే రిజిస్ట్రేషన్ ఇచ్చే వీలు సెక్షన్ 11(4)లో ఉంది. మీ వ్యాపారాలు వేర్వేరైతే చాలామంది ఒప్పుకుంటారు, అడగడానికి మొహమాటపడేది మనమే. రిజిస్టరై 5 ఏళ్లు దాటినా వాడకుండా వదిలేసిన మార్కును తొలగించమని సెక్షన్ 47 కింద అడగవచ్చు. మీ సరుకుల జాబితాలో గొడవ తెచ్చే ఐటమ్‌లను తీసేయడం ఇంకో మార్గం. అమ్మే ఉద్దేశం లేకపోయినా క్లాసులో ఉన్న సరుకులన్నీ దరఖాస్తులో రాసేయడం వల్లే సగం పోలిక గొడవలు వస్తాయి.

ఇద్దరం ఏళ్ల తరబడి నిజాయితీగా వాడుతున్నాం. దానికి విలువ లేదా?

ఉంది. సెక్షన్ 12 అందుకే. నిజాయితీతో సమాంతరంగా వాడుతున్నా, ఇతర ప్రత్యేక పరిస్థితులున్నా, పోలిక ఉన్న పేర్లను కూడా షరతులతో రిజిస్టర్ చేయొచ్చు. పాత చట్టం కింద 1962లో వచ్చిన 'అమృతధార', 'లక్ష్మణధార' తీర్పు చూడండి. రెండు మందుల పేర్లూ పొరబడేంత దగ్గరగా ఉన్నాయని సుప్రీంకోర్టు అంది. అయినా ప్రత్యేక పరిస్థితులున్నాయని, లక్ష్మణధారకు ఉత్తరప్రదేశ్ వరకే పరిమితం చేస్తూ రిజిస్ట్రార్ ఇచ్చిన ఆర్డర్‌ను నిలబెట్టింది. మీ అమ్మకాలు ఒకటి రెండు రాష్ట్రాలకే పరిమితమైతే, ఆ పరిమితిని మీరే ముందుకు తేవచ్చు. దేశమంతా కావాలని పట్టుబట్టి ఏమీ దక్కకపోవడం కంటే నయం.

లాయర్ తప్పనిసరా? మా ట్రేడ్‌మార్క్ ఏజెంట్ సరిపోరా?

ఏజెంట్ రిజిస్ట్రీ ముందు మీ తరఫున హాజరు కాగలరు, హైకోర్టులో వాదించలేరు. అక్కడ అడ్వకేటే కావాలి, లేదా మీరే స్వయంగా నిలబడాలి. అవతల ప్రతివాది రిజిస్ట్రార్. అపోజిషన్ కేసైతే అభ్యంతరం చెప్పినవాళ్లు కూడా ఉంటారు. ఖర్చులో కోర్టు ఫీజు చిన్న భాగం, అసలు ఖర్చు లాయర్ ఫీజు. అది వాయిదాకింతా, మొత్తానికింతా అన్నది మొదటే మాట్లాడుకోండి. ఏజెంట్ దగ్గరున్న ఫైలంతా, పంపిన ఈమెయిళ్లతో సహా, ముందే అడిగి తీసుకోండి.

అప్పీలు గెలిస్తే వెంటనే సర్టిఫికెట్ వస్తుందా?

రాదు. గెలుపు సాధారణంగా రెండు రకాలు. ఆర్డర్ కొట్టేసి మళ్లీ కొత్తగా విచారించమని రిజిస్ట్రీకి వెనక్కి పంపడం ఒకటి. కారణాలు రాయని ఆర్డర్లలో ఎక్కువగా ఇదే జరుగుతుంది. మొదటి ఆర్డర్ ఇచ్చిన అధికారి కాకుండా వేరొకరు చూడాలని, ఇన్ని నెలల్లో తేల్చాలని కోర్టు చెప్పడం మామూలే. ఈసారి రికార్డు గట్టిగా కట్టుకునే అవకాశం మీకు మళ్లీ వచ్చినట్టు, దాన్ని మళ్లీ మూస జవాబుతో పాడుచేసుకోవద్దు. రెండోది, దరఖాస్తును జర్నల్‌లో ప్రచురణకు పంపమని నేరుగా ఆదేశించడం. పేరులోని ఫలానా మాట మీద విడిగా హక్కు లేదనే షరతు దానికి తగిలించవచ్చు. అలాంటి షరతుకు సిద్ధమని మీరే చెప్పడం వల్ల తేలిపోయే కేసులు కూడా ఉన్నాయి.

ఎలా గెలిచినా ప్రచురణ తర్వాత 4 నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అది దాటితేనే సర్టిఫికెట్.

అప్పీలు ఓడిపోతే?

అదే హైకోర్టులో డివిజన్ బెంచ్‌కు వెళ్లే వీలుందా అన్నది చాలాకాలం వివాదంగా ఉంది. 'స్విస్ మిలిటరీ' పేరు కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2023లో, వెళ్లవచ్చని చెప్పింది. వేరే హైకోర్టులో ఉంటే అక్కడి పద్ధతిని లాయర్‌ను అడగాలి.

ఇదంతా తేలేలోపు పేరు వాడుకోవచ్చా?

తిరస్కరణ అంటే రిజిస్ట్రేషన్ ఇవ్వలేదనే తప్ప, ఆ పేరుతో వ్యాపారం చేయొద్దని నిషేధం కాదు. 'టీఎం' గుర్తు పెట్టుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం ఉన్న గుర్తు మాత్రం రిజిస్టర్ అయిన మార్కులకే, లేకుండా పెడితే చట్టం దృష్టిలో తప్పు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, మీ పేరును కాపీ కొట్టి కొనేవాళ్లను మోసం చేసేవాళ్ల మీద 'పాసింగ్ ఆఫ్' దావా వేసే హక్కు సెక్షన్ 27 కింద ఉంటుంది.

అయితే తిరస్కరణకు కారణం సెక్షన్ 11 అయితే ఒక్క క్షణం ఆగండి. ఆ పాత మార్కు యజమాని మీ మీద దావా వేసి ఇంజంక్షన్ (పేరు వాడొద్దనే కోర్టు ఉత్తర్వు) తెచ్చే అవకాశం రిజిస్ట్రీలో ఏం జరిగినా ఉంటుంది. కొత్త ప్యాకింగ్ భారీగా ప్రింట్ చేయించే ముందు, కొత్త ఊళ్లలో డీలర్లను పెట్టే ముందు, ఆ మార్కు నిజంగా మార్కెట్లో ఉందా, యజమాని ఎవరు, మీకంటే ముందు వాడారా అన్నది విచారించుకోండి. వాళ్ల వాడకం, రిజిస్ట్రేషన్ రెండింటికంటే మీ వాడకమే ముందుదైతే సెక్షన్ 34 మీకు రక్షణ. అలాంటప్పుడు మీ తొలి ఏళ్ల బిల్లు పుస్తకాలు, ప్రకటనలు స్కాన్ చేసి పెట్టుకోండి, ఒరిజినల్స్ పారేయొద్దు.